ఆమె ఎవరి చెప్పుచేతల్లో ఉంది?

ఖాకీ చొక్కా, జైలు తాళం దగ్గర మొదలైన చట్టం ఇప్పుడు తరగతి గది, ఆస్పత్రి వార్డు, ఆశ్రమం, చుట్టాల ఇల్లు దాకా వచ్చింది. అయినా 'అధికారం' ఎవరిదన్న ప్రశ్న దగ్గర కేసులు ఇంకా తడబడుతూనే ఉన్నాయి.

1972 మార్చి 26. మహారాష్ట్ర చంద్రపూర్ జిల్లాలోని దేశాయిగంజ్ పోలీస్ స్టేషన్. రాత్రి పదిన్నర కావస్తోంది. అమ్మానాన్నలు లేని ఓ ఆదివాసీ పిల్ల వాంగ్మూలం ఇవ్వడానికి వచ్చింది. పద్నాలుగు, పదహారేళ్ల మధ్య వయసు. కూలి పని చేసుకుంటూ అన్న దగ్గర ఉంటోంది. చెల్లెల్ని ఎవరో తీసుకుపోయారని ఆ అన్నే ఫిర్యాదు చేశాడు. కాగితాల పని అయిపోయింది. రాసుకున్న హెడ్ కానిస్టేబుల్ ఇంటికి వెళ్లిపోయాడు. వీళ్లూ లేచి బయల్దేరారు. అప్పుడో కానిస్టేబుల్ ఆ పిల్లను మాత్రం ఆగమన్నాడు, మిగతావాళ్లను బయటికి పొమ్మన్నాడు.

పోలీసాయన ఆగమంటే ఆగక ఏం చేస్తుంది? ఆగింది.

అన్న, వెంట వచ్చినవాళ్లు బయట నిలబడ్డారు. కాసేపటికి స్టేషన్‌లో దీపాలు ఆరిపోయాయి. తలుపు లోపల్నుంచి మూసేశారు. వీళ్లు వెనకవైపు వెళ్లి పేరు పెట్టి పిలిచారు. జనం పోగయ్యారు. ఒక పోలీసు బయటికొచ్చి, ఆ పిల్ల ఎప్పుడో వెళ్లిపోయిందన్నాడు. కొద్దిసేపటికే ఆమె లోపల్నుంచి వచ్చింది. ఏం జరిగిందో అక్కడే, అందరి ముందే చెప్పింది.

కింది కోర్టు ఆమె మాట నమ్మలేదు, అబద్ధాలకోరంది. 1976లో బొంబాయి హైకోర్టు నాగపూర్ బెంచి ఆ తీర్పును కొట్టేసింది. భయంతో లొంగిపోవడం వేరు, ఇష్టపడి ఒప్పుకోవడం వేరు అని చెప్పి ఇద్దరు పోలీసులకూ శిక్ష వేసింది. 1978 సెప్టెంబర్‌లో సుప్రీంకోర్టు ఆ శిక్షనూ రద్దు చేసింది. ఒంటిమీద గాయాలు లేవు, ఆమె గట్టిగా ఎదిరించిన ఆనవాళ్లు లేవు, అన్న, వెంట వచ్చినవాళ్లు పక్కనే ఉన్నా అరవలేదు... తీర్పు నడిచిన దారి ఇది. రాత్రివేళ పోలీస్ స్టేషన్‌లో తలుపులు మూశాక ఓ కూలి పిల్ల ఎంత గట్టిగా అరవగలదన్నది ఆ లెక్కలోకి రాలేదు.

లా రిపోర్టుల్లో ఆ కేసు 'తుకారాం వర్సెస్ మహారాష్ట్ర ప్రభుత్వం'. తుకారాం అందులో నిందితుడైన మరో హెడ్ కానిస్టేబుల్. జనం నోట మాత్రం ఆ పిల్ల పేరే నిలిచిపోయింది. ఇవాళైతే ఆ పేరు అచ్చువేయడం నేరం. ఆ రక్షణా ఆ కేసు రేపిన అలజడి నుంచి వచ్చిందే కాబట్టి ఈ కథనంలో ఆమె పేరు రాయడం లేదు.

ఎమ్మెల్యే 'పబ్లిక్ సర్వెంట్' అవునా, కాదా?

యాభై ఏళ్లు దాటిన ఆ పాత కేసు ఇప్పుడెందుకంటే, అదే చిక్కు ఇంకో రూపంలో మళ్లీ మన ముందుకొచ్చింది.

ఉత్తరప్రదేశ్‌లోని ఉన్నావ్ కేసు చాలామందికి గుర్తుండే ఉంటుంది. 2017లో ఓ మైనర్ బాలిక ఉద్యోగం కోసమని అప్పటి ఎమ్మెల్యే కుల్దీప్ సింగ్ సెంగార్ ఇంటికి వెళ్లింది. అక్కడ తనపై అత్యాచారం జరిగిందంది. ఫిర్యాదును పట్టించుకున్న నాథుడు లేడు. 2018 ఏప్రిల్‌లో ఆమె లక్నోలో ముఖ్యమంత్రి నివాసం దగ్గర ఒంటికి నిప్పంటించుకోబోయింది. ఆ రోజుల్లోనే ఆమె తండ్రి కస్టడీలో చనిపోయాడు. 2019లో ఆమె వెళ్తున్న కారును లారీ ఢీకొని ఇద్దరు దగ్గరి బంధువులు పోయారు. ఆ ఏడాది డిసెంబర్‌లో ఢిల్లీ కోర్టు సెంగార్‌కు బతికినంత కాలం జైలు శిక్ష విధించింది. ఎమ్మెల్యే కూడా పబ్లిక్ సర్వెంటే కాబట్టి నేరం మరింత తీవ్రమైనదని ఆ కోర్టు భావించింది.

2025 డిసెంబర్ 23న ఢిల్లీ హైకోర్టు, అప్పీలు తేలేదాకా ఆ శిక్షను నిలిపేసింది. దానికి చూపిన ప్రధాన కారణం: పిల్లలపై లైంగిక నేరాలకు సంబంధించిన పోక్సో చట్టంలో చెప్పిన 'పబ్లిక్ సర్వెంట్' కిందికి ఎమ్మెల్యే రాడు. రాకపోతే అది తీవ్రతరమైన నేరం కాదు, మామూలు సెక్షన్ వర్తిస్తుంది. నేరం జరిగిన నాటికి ఆ సెక్షన్ కింద కనీస శిక్ష ఏడేళ్లు. ఆయన అప్పటికే ఏడేళ్లకు పైగా జైల్లో ఉన్నాడు. దేశమంతా గగ్గోలు పుట్టింది. సీబీఐ సుప్రీంకోర్టుకు వెళ్లింది. డిసెంబర్ 29న సుప్రీంకోర్టు ఆ ఉత్తర్వుపై స్టే ఇచ్చింది. బాలిక తండ్రి మృతి కేసులో పడిన పదేళ్ల శిక్ష వల్ల ఈ మధ్యలో కూడా సెంగార్ బయటికి రాలేదు.

హైకోర్టు ఈ మాటను గాల్లోంచి తేలేదు. పోక్సోలో పబ్లిక్ సర్వెంట్ అంటే ఎవరో విడిగా చెప్పలేదు. అర్థం కోసం భారత శిక్షాస్మృతి (ఐపీసీ) చూసుకోమంది. ఐపీసీ 21వ సెక్షన్ 1860 నాటి జాబితా. జడ్జీలు, సైనికాధికారులు, పన్ను వసూలు చేసేవాళ్లు ఉన్న ఆ జాబితాలో శాసనసభ్యుడు లేడు. 1984లో ఏఆర్ అంతూలే కేసులో రాజ్యాంగ ధర్మాసనం ఇదే తేల్చింది. అయితే అది అవినీతి కేసు. ఎమ్మెల్యే పబ్లిక్ సర్వెంట్ కాడు కాబట్టి విచారణకు ముందస్తు అనుమతి అక్కర్లేదన్నారు. అంటే, నాయకుణ్ని బోనెక్కించడానికి పనికొచ్చిన అర్థమే నలభై ఏళ్ల తర్వాత మరో నాయకుడి శిక్ష తగ్గించే వాదన అయింది.

హోదా పేరు పట్టుకుని వేలాడితే ఇలాగే జరుగుతుంది. జాబితాలో కానిస్టేబుల్ ఉంటాడు, పట్వారీ ఉంటాడు, వాళ్లిద్దరినీ బదిలీ చేయించగల ఎమ్మెల్యే ఉండడు. ఉద్యోగం ఇప్పిస్తాడన్న ఆశతో ఓ పేద పిల్ల ఆ గడప తొక్కిందంటే, ఆ ఇంటికున్న బలం ఏమిటో ఉన్నావ్‌లో ఎవర్నడిగినా చెబుతారు. ఆ బలాన్ని చట్టం తన భాషలో ఎలా రాసుకోవాలన్నదే యాభై ఏళ్ల నుంచి నడుస్తున్న గొడవంతా.

నల్లకుంట మంట

ఆ గొడవలో హైదరాబాద్‌కు పెద్ద పాత్రే ఉంది. 1978 మార్చిలో ఓ పేద ముస్లిం జంట రాత్రి సినిమా చూసి ఇంటికి వస్తుంటే పోలీసులు పట్టుకున్నారు. నల్లకుంట పోలీస్ స్టేషన్‌లో ఆమెపై అత్యాచారం జరిగింది. రిక్షా తొక్కుకునే ఆమె భర్త నిలదీసినందుకు దెబ్బలు తిని చనిపోయాడు. శవాన్ని ముందుపెట్టుకుని నగరం రోడ్డెక్కింది. కాల్పులు జరిగాయి, కర్ఫ్యూ పెట్టారు. ప్రభుత్వం జస్టిస్ ముక్తదర్‌తో విచారణ కమిషన్ వేయక తప్పలేదు.

కమిషన్ ముందు పోలీసుల తరఫు వాదన ఏమిటో తెలుసా? ఆమె నడవడిక మంచిది కాదని. చనిపోయినవాడు అసలు ఆమె భర్తే కాదని. భర్తను పోగొట్టుకున్న మనిషి చేత తన పెళ్లి నిజమేనని నిరూపించుకోమన్నారు. కమిషన్ ఆ మాటలకు లొంగలేదు, పోలీసులే దోషులని తేల్చింది. కానీ కమిషన్ నివేదిక తీర్పు కాదు. కేసు కర్ణాటకలోని రాయచూర్‌కు బదిలీ అయింది. 1981లో నిందితులంతా అక్కడ నిర్దోషులుగా బయటపడ్డారు.

ఆ కోపంలోంచే హైదరాబాద్‌లో స్త్రీ శక్తి సంఘటన లాంటి మహిళా బృందాలు గట్టిపడ్డాయి. అటు 1979 సెప్టెంబర్‌లో ఉపేంద్ర బక్షి, లోతికా సర్కార్, వసుధా ధగమ్వార్, రఘునాథ్ కేల్కర్ అనే నలుగురు న్యాయశాస్త్ర అధ్యాపకులు దేశాయిగంజ్ తీర్పును తప్పుపడుతూ సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తికి బహిరంగ లేఖ రాశారు. కోర్టు తీర్పును అంత సూటిగా నిలదీయడం అప్పట్లో చిన్న సాహసం కాదు. ఆ ఉత్తరం పత్రికలకెక్కింది, ఊరూరా సభలు జరిగాయి. లా కమిషన్ 1980లో నివేదిక ఇచ్చింది. 1983లో చట్టం మారింది.

తాళం ఎవరి చేతిలో ఉంటే...

1983 సవరణ తొలిసారిగా ఒక నిజాన్ని చట్టంలోకి ఎక్కించింది. తాళం ఒకరి చేతిలో, ఒళ్లు ఇంకొకరిది అయినప్పుడు ఒప్పుకోలుకు అర్థం మారిపోతుందన్న నిజం అది. పోలీసు తన స్టేషన్ పరిధిలో గానీ, ఏ స్టేషన్ ఆవరణలో గానీ, తన కస్టడీలో ఉన్న మహిళపై గానీ అత్యాచారం చేస్తే కనీసం పదేళ్లు. కస్టడీలో ఉన్న మహిళపై ప్రభుత్వోద్యోగి, జైలు, రిమాండ్ హోం, మహిళల, పిల్లల వసతి గృహాల సిబ్బంది, ఆస్పత్రి సిబ్బంది చేసినా అంతే.

శిక్షకన్నా ముఖ్యమైన మార్పు సాక్ష్య చట్టంలో వచ్చింది. దాన్ని 114ఏ అనేవారు, ఇప్పుడు భారతీయ సాక్ష్య అధినియం 120వ సెక్షన్. ఇలాంటి అధికార స్థానంలో ఉన్నవాడు ఆమెతో సంభోగించాడని రుజువై, ఆమె కోర్టులో 'నేను ఒప్పుకోలేదు' అని చెబితే, కోర్టు ఆ మాటనే నిజంగా తీసుకోవాలి. కాదని నిరూపించుకోవాల్సిన బరువు అతని మీద పడుతుంది. 1972లో ఈ ఒక్క సెక్షన్ ఉండి ఉంటే, గాయాలు లేవు, అరుపులు లేవు అన్న వాదన ఆ పిల్ల ముందు నిలిచేది కాదు.

దీనికీ ఒక పరిమితి ఉంది. 'ఆమె ఇష్టంతోనే జరిగింది' అనేవాడి మీదే ఇది పనిచేస్తుంది. 'అసలు ఏమీ జరగలేదు', 'ఆ రోజు నేనక్కడ లేను' అనేవాడి మీద పనిచేయదు. తెలివైన నిందితుడు రెండో దారే పడతాడు. అప్పుడు మళ్లీ భారమంతా దర్యాప్తు మీదే.

---

■ చట్టంలో ఎవరెవరున్నారు?

2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహిత (బీఎన్ఎస్) 64(2) ప్రకారం అధికార స్థానాలు:

• పోలీసు అధికారి
• తన కస్టడీలోనో, కిందివాళ్ల కస్టడీలోనో మహిళ ఉన్నప్పుడు పబ్లిక్ సర్వెంట్
• ఒక ప్రాంతంలో మోహరించిన సాయుధ బలగాల సభ్యుడు
• జైలు, రిమాండ్ హోం, మహిళల లేదా పిల్లల సంస్థల నిర్వాహకులు, సిబ్బంది
• ఆస్పత్రి నిర్వాహకులు, సిబ్బంది
• బంధువు, సంరక్షకుడు, టీచర్, నమ్మకం లేదా అధికారం ఉన్న స్థానంలోని వ్యక్తి
• ఆమెపై అదుపు లేదా ఆధిపత్యం ఉన్న వ్యక్తి

శిక్ష: కనీసం పదేళ్ల కఠిన కారాగారం, గరిష్ఠంగా సహజ మరణం దాకా జైలు.

---

సారు కస్టడీ కిందికి వస్తారా?

1983 చట్టం గీసిన గీత తాళం వేసిన గదుల చుట్టూనే ఉంది. ఆ గదుల బయట ఉన్న పెత్తనాలు దానికి ఆనలేదు. ఓ ప్రభుత్వ ఉపాధ్యాయుడిపై మధ్యప్రదేశ్ నుంచి వచ్చిన కేసులో 2007లో సుప్రీంకోర్టు, టీచర్ అయినంత మాత్రాన విద్యార్థిని అతని 'కస్టడీ'లో ఉన్నట్టు కాదంది. మాటకు మాట చూస్తే అది సరైన అర్థమే కావచ్చు. బడి తెలిసినవాళ్లకు మాత్రం అది మింగుడుపడే మాట కాదు.

మన గురుకులాన్నో, రెసిడెన్షియల్ కాలేజీనో తీసుకోండి. పిల్ల పండక్కి ఇంటికి వెళ్లాలంటే అవుట్‌పాస్ మీద వార్డెన్ సంతకం కావాలి. జ్వరం వస్తే సిక్ రూంకి పంపాలా, క్లాసుకు పంపాలా అన్నది వాళ్లే తేలుస్తారు. అమ్మానాన్నలకు ఫోన్ చేసుకునే పది నిమిషాలూ వాళ్ల చేతుల్లోనే. ప్రాక్టికల్ మార్కులు, ఇంటర్నల్స్, హాల్ టికెట్ సారు దగ్గరే. పీహెచ్‌డీ అమ్మాయికైతే ఫెలోషిప్ బిల్లు మీద ప్రతిసారీ గైడ్ సంతకం పడాలి. తాళం ఎక్కడా కనిపించదు. ఆ అమ్మాయి మాత్రం ఎటూ కదల్లేదు.

ఈ ఖాళీ పూడింది 2013లో. ఢిల్లీ బస్సులో జరిగిన సామూహిక అత్యాచారం తర్వాత 2012 డిసెంబర్‌లో ఏర్పడ్డ జస్టిస్ జేఎస్ వర్మ కమిటీ నెల తిరక్కుండానే నివేదిక ఇచ్చింది. ఆ వెనుక వచ్చిన సవరణలో టీచర్, బంధువు, సంరక్షకుడు చేరారు. 'నమ్మకం లేదా అధికారం ఉన్న స్థానం' అన్న మాట వచ్చింది. దాని వెనకే 'అదుపు లేదా ఆధిపత్యం' అన్న మరింత విశాలమైన మాటా వచ్చింది. నన్నడిగితే మొత్తం జాబితాలో విలువైనది ఈ చివరిదే. పనికి పిలవాలో వద్దో తేల్చే మేస్త్రీ, అప్పు పత్రం దగ్గర పెట్టుకున్న షావుకారు, జీతం ఆపగల సూపర్‌వైజర్, సినిమాలో ఒక్క షాటు కోసం నెలల తరబడి తిప్పించుకునే పెద్దమనిషి... వీళ్లలో ఎవరికీ ప్రభుత్వం హోదా ఇవ్వలేదు. ఆధిపత్యం మాత్రం అక్షరాలా ఉంది. చట్టం వీళ్ల పేర్లు రాయలేదు, వీళ్లను పట్టుకునే మాట రాసిపెట్టింది. దాన్ని ఛార్జిషీట్లోకి ఎక్కించే చెయ్యి కావాలి.

భక్తి పేరుతో నడిచే పెత్తనం ఇంకా లోతైనది. అక్కడ కాదనడం పాపమని పిల్లకు ఇంట్లోనే నేర్పుతారు. 2018లో జోధ్‌పూర్ కోర్టు ఆశారాం బాపుకు జీవిత ఖైదు వేసిన కేసులో బాధితురాలు ఆయన గురుకులంలోనే చదువుకునే మైనర్. తల్లిదండ్రులు ఆయన భక్తులు. పిల్లను తీసుకెళ్లి ఆ గుమ్మంలో వదిలింది వాళ్లే. 2017లో గుర్మీత్ రామ్ రహీంకు ఇరవై ఏళ్ల శిక్ష పడిన కేసులో ఇద్దరూ ఆయన డేరాలో ఉంటున్న శిష్యురాళ్లే. కంచే చేను మేసిన చోట, కంచెను దండం పెట్టి నాటుకున్న కుటుంబానికి కోలుకోవడం మరీ కష్టం. కూతురి మాట నమ్మితే తామిన్నాళ్లూ నమ్మినదంతా కూలిపోతుంది. ఈ కేసుల్లో తల్లిదండ్రులు పిల్లల పక్కన నిలబడ్డారంటే అది ఎంత పెద్ద సంగతో!

'రేప్ కాదు, కానీ నేరమే'

బీఎన్ఎస్ 68వ సెక్షన్ గురించి బయట పెద్దగా మాట్లాడుకోరు. అధికార స్థానంలో ఉన్నవాడు, లేదా నమ్మకం మీద నడిచే సంబంధంలో ఉన్నవాడు, పబ్లిక్ సర్వెంట్, జైలు లేదా హోం అధికారి, ఆస్పత్రి సిబ్బంది తన పదవిని వాడుకుని, తన అధీనంలోనో ఆవరణలోనో ఉన్న మహిళను ప్రేరేపించో ప్రలోభపెట్టో సంభోగానికి ఒప్పిస్తే, అది అత్యాచారం కిందికి రాకపోయినా నేరమే. ఐదు నుంచి పదేళ్లు జైలు. పాత ఐపీసీలో ఇది 376సి.

ఆమె పైకి 'సరే' అందనుకుందాం. ఆ 'సరే' వెనక డిశ్చార్జి కాగితమో, బెయిలు ఆశో, మార్కుల జాబితానో ఉంటే తప్పు పదవిని అమ్ముకున్నవాడిదే అంటుంది ఈ సెక్షన్. మంచిదే. కానీ దీనితో ఒక ప్రమాదముంది. 64(2) కింద నిలబడాల్సిన కేసును కష్టపడకుండా 68లోకి దించేస్తే, అత్యాచారం 'లోబరుచుకోవడం'గా మారిపోతుంది. ఆమె ఒప్పుకుందన్న ముద్ర ఆమె మీద పడిపోతుంది. ఉద్యోగం, ప్రమోషన్ ఆశచూపి మోసగించే వాళ్ల కోసం 69వ సెక్షన్ కూడా కొత్తగా వచ్చింది.

జాబితాలో బంధువులున్నారని చెప్పుకున్నాం కదా. మామ, బాబాయి, బావ అందరూ వస్తారు. భర్త రాడు. పద్దెనిమిదేళ్లు నిండిన భార్య విషయంలో భర్తకు చట్టం ఇచ్చిన మినహాయింపు బీఎన్ఎస్ 63లో అలాగే కొనసాగింది. దాన్ని తీసేయమని వర్మ కమిటీ చెప్పింది. పార్లమెంటు వినలేదు. ఒక ఆడమనిషి తిండి, బట్ట, పిల్లలు, తలదాచుకునే చోటు అన్నీ ఒకే మనిషి చేతిలో ఉండే సందర్భం పెళ్లికన్నా ఇంకేముంటుంది? అధికారాన్ని ఇంత వివరంగా లెక్కగట్టిన చట్టం ఆ ఒక్క గడప దగ్గర కళ్లు మూసుకోవడాన్ని సమర్థించే వాదన నాకెక్కడా కనిపించలేదు.

పిల్లల చట్టం ఇంకా నయం

2012 నాటి పోక్సో చట్టం ఈ విషయంలో పెద్దవాళ్ల చట్టంకన్నా ముందుచూపుతో రాసింది. పద్దెనిమిదేళ్ల లోపు పిల్లల దగ్గర ఇష్టం, ఒప్పుకోలు అన్న ప్రశ్నే లేదు. ఐదో సెక్షన్‌లో పోలీసు, సైన్యం, ప్రభుత్వోద్యోగులతో పాటు విద్యాసంస్థలు, మత సంస్థల సిబ్బంది కూడా ఉన్నారు. రక్తసంబంధం, దత్తత, పెళ్లి ద్వారా చుట్టాలైనవాళ్లు, ఒకే ఇంట్లో ఉంటున్నవాళ్లు ఉన్నారు. పిల్లలకు సేవలందించే ఏ సంస్థలోని సిబ్బంది అయినా ఉన్నారు. చివర్న, నమ్మకం లేదా అధికారం ఉన్న స్థానంలో ఎవరున్నా, నేరం సంస్థలో జరిగినా, పిల్ల ఇంట్లో జరిగినా, ఇంకెక్కడ జరిగినా వర్తిస్తుందని రాశారు. 2019 సవరణ తర్వాత వీటికి కనీస శిక్ష ఇరవై ఏళ్లు.

'సిబ్బంది' అన్న చిన్నమాట ఎంత పనిచేస్తుందో హైదరాబాద్ చూసింది. 2022లో బంజారాహిల్స్‌లోని ఓ స్కూల్లో ఎల్‌కేజీ పాపపై లైంగిక దాడి చేసినవాడు టీచర్ కాదు, ప్రిన్సిపల్ కారు డ్రైవర్. పిల్లలతో అతనికి పనే లేదు. కానీ ప్రిన్సిపల్ మనిషన్న ధీమాతో బళ్లో ఎక్కడికైనా వెళ్లగలిగాడు. నాలుగేళ్ల పిల్లకు స్కూల్లో కనిపించే పెద్దవాళ్లంతా పెద్దవాళ్లే. 2023లో కోర్టు అతనికి ఇరవై ఏళ్ల జైలు వేసింది.

సంస్థలో జరిగింది తెలిసీ పరువు కోసం దాచిపెడితే అదీ నేరమే. సంస్థ పెద్దకు ఏడాది దాకా జైలు పడొచ్చు.

---

■ బయటి దేశాల్లో...

ఇంగ్లండ్‌లో పదహారేళ్లకే శృంగారానికి చట్టబద్ధమైన వయసు వస్తుంది. కానీ 2003 నాటి చట్టం ప్రకారం టీచర్ లాంటి 'నమ్మకమైన స్థానం'లో ఉన్నవాళ్లు తమ దగ్గరున్న పద్దెనిమిదేళ్ల లోపు వారితో సంబంధం పెట్టుకుంటే నేరం. ఆటల కోచ్‌లు, మత బోధకులు ఆ జాబితాలో 2022లో గానీ చేరలేదు.

కెనడా జాబితాతో సరిపెట్టలేదు. నమ్మకం, బలం, అధికారం ఉన్న స్థానాన్ని దుర్వినియోగం చేసి రాబట్టిన ఒప్పుకోలు అసలు ఒప్పుకోలే కాదని అక్కడి చట్టం చెబుతుంది. పెద్దవాళ్ల విషయంలోనూ ఇదే సూత్రం.

---

యూనిఫాం వెనక ముఖం

చట్టం ఎంత బాగా రాసుకున్నా దర్యాప్తు చేతులెత్తేస్తే ఏమవుతుందో వాకపల్లి చెబుతుంది. విశాఖ మన్యంలో, ఇప్పటి అల్లూరి సీతారామరాజు జిల్లాలో, జి.మాడుగుల మండలంలోని ఓ చిన్న కోందు గూడెం అది. 2007 ఆగస్టు 20న కూంబింగ్‌కు వచ్చిన గ్రేహౌండ్స్ పోలీసులు తమపై అత్యాచారం చేశారని పదకొండు మంది ఆదివాసీ మహిళలు ఫిర్యాదు చేశారు. అలాంటిదేమీ జరగలేదని పోలీసు శాఖ మొదట్నుంచీ వాదించింది. కేసు హైకోర్టుకు, సుప్రీంకోర్టుకు వెళ్లి వచ్చింది. పదమూడు మందిపై విచారణ జరిగింది. 2023 ఏప్రిల్‌లో విశాఖలోని ప్రత్యేక కోర్టు అందరినీ నిర్దోషులుగా వదిలేసింది. అదే తీర్పులో దర్యాప్తు అధికారుల వైఫల్యాన్ని తప్పుపట్టింది. ఆ మహిళలకు పరిహారం ఇవ్వాలని చెప్పింది.

దాదాపు పదహారేళ్లు! పాడేరుకు, విశాఖకు, హైదరాబాద్‌కు తిరిగారు. తెలుగు సరిగా రాని ఆడవాళ్లు తమకు జరిగింది మళ్లీ మళ్లీ చెప్పారు. ఇలాంటి కేసుల్లో అడ్డం పడేది ఆ యూనిఫామే. గుంపుగా వచ్చిన మనుషులందరికీ అది ఒకే రూపమిస్తుంది. భయపెట్టేది అదే, ముఖాన్ని దాచేదీ అదే. ఒప్పుకోలేదన్న ఆమె మాటను కోర్టు నిజమని తీసుకోవాలంటే ముందు ఫలానా మనిషేనని తేలాలి. అది తేల్చాల్సింది వెంటనే జరపాల్సిన వైద్య పరీక్ష, గుర్తింపు పరేడ్, ఆ పూట ఎవరు డ్యూటీలో ఉన్నారో చెప్పే రికార్డు. వాటిని భద్రపరచాల్సింది నిందితుల శాఖే. వాకపల్లి లాంటి కేసుల్లో మొదటి గంట నుంచే దర్యాప్తు వేరే సంస్థ చేతికి పోవాలని చట్టంలో ఒక్క ముక్క ఉంటే ఆ మహిళలు ఇన్నేళ్లు తిరగాల్సి వచ్చేది కాదనే నా నమ్మకం.

64 పక్కన ఆ (2)

ఇక మామూలు కుటుంబానికి నేరుగా పనికొచ్చే సంగతి. 2018 సవరణతో మామూలు అత్యాచారానికి కూడా కనీస శిక్ష ఏడేళ్ల నుంచి పదేళ్లయింది. దాంతో 64(1), 64(2) రెండూ ఒకటేలే అన్న నిర్లక్ష్యం వచ్చే వీలుంది. ఒకటి కావు. సాక్ష్య అధినియం 120వ సెక్షన్ ఇచ్చే బలం 64(2) కింద కేసు నడిస్తేనే. టీచర్ మీదో, డాక్టర్ మీదో ఉత్త 64(1) రాసి ఊరుకుంటే, విచారణలో ఆ పిల్ల 1972 నాటి ప్రశ్నలకే జవాబు చెప్పుకోవాలి. ఎందుకు అరవలేదు? ఎందుకు వెళ్లావు? రెండోసారి ఎందుకు వెళ్లావు?

అధికారాన్ని రుజువు చేసే కాగితాలు చాలావరకు నిందితుడి ఆఫీసులోనే ఉంటాయి. హాజరు పట్టీ, హాస్టల్ మూవ్‌మెంట్ రిజిస్టర్, అవుట్‌పాస్ పుస్తకం, వార్డెన్ డ్యూటీ చార్టు, ఆస్పత్రి షిఫ్టుల పట్టిక, కేస్ షీట్, జీతాల రికార్డు, నియామక ఉత్తర్వు, వాట్సాప్ గ్రూపులో సారు పెట్టిన మెసేజీలు. ఇవి మాయం కావడానికి ఒక్క రాత్రి చాలు. అందుకే ఫిర్యాదులోనే వీటి పేర్లు రాసి, సీజ్ చేయమని అడగాలి. అతను నాకు ఏమవుతాడు, అతని చేతిలో నాది ఏముంది అన్న రెండు సంగతులు మొదటి వాంగ్మూలంలోనే స్పష్టంగా రావాలి. తర్వాత చెబితే 'కల్పించింది' అంటారు.

---

■ స్టేషన్‌కు వెళ్లేముందు

• నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషన్‌లోనైనా జీరో ఎఫ్ఐఆర్ నమోదు చేయాలి (భారతీయ నాగరిక్ సురక్షా సంహిత - బీఎన్ఎస్ఎస్ 173). బాధితురాలి సమాచారాన్ని మహిళా అధికారే రాసుకోవాలి.
• ఈ కేసుల్లో ఎఫ్ఐఆర్ రాయని పోలీసుకు ఆరు నెలల నుంచి రెండేళ్ల దాకా జైలు (బీఎన్ఎస్ 199).
• ప్రభుత్వ, ప్రైవేటు ఆస్పత్రులన్నీ ఉచితంగా ప్రథమ చికిత్స, వైద్యం అందించాలి.
• అత్యాచారం కేసులో పబ్లిక్ సర్వెంట్‌ను విచారించడానికి ప్రభుత్వ అనుమతి అక్కర్లేదు.
• పిల్లల వాంగ్మూలం తీసుకునే పోలీసు యూనిఫాంలో ఉండకూడదు. రాత్రిపూట పిల్లల్ని స్టేషన్‌లో ఉంచకూడదు.
• సాయానికి: మహిళల హెల్ప్‌లైన్ 181, పిల్లలకు 1098, అత్యవసరానికి 112. సఖి కేంద్రాల్లో న్యాయ, వైద్య సాయం ఒకేచోట దొరుకుతుంది.

---

స్టేషన్లో రాయించిన సమాచారాన్ని చదివి వినిపించాకే సంతకం తీసుకోవాలి. ఎఫ్ఐఆర్ కాపీ అప్పటికప్పుడు ఉచితంగా ఇవ్వాలి. సెక్షన్లు రాసిన గడిలో 64 పక్కన (2) ఉందా, పిల్లలైతే పోక్సో 5, 6 ఉన్నాయా అన్నది అక్కడే చూసుకోండి. లేకపోతే అడగండి. అప్పటికీ చేర్చకపోతే జిల్లా ఎస్పీకో, కమిషనర్‌కో రాతపూర్వకంగా ఇవ్వండి. ఛార్జిషీట్ కోర్టుకు వెళ్లాక కూడా అభియోగాలు ఖరారయ్యే రోజున పబ్లిక్ ప్రాసిక్యూటర్ ద్వారా ఆ సెక్షన్ చేర్చమని కోరవచ్చు. తీర్పు చెప్పేలోగా ఎప్పుడైనా అభియోగాన్ని మార్చే, కొత్తది చేర్చే అధికారం కోర్టుకు ఉంది.